టీడీసీ-316 నుంచి ట్యాబ్ ఏ9 ప్లస్ దాకా: చవక ట్యాబ్లెట్ల చరిత్ర, పేర్ల గందరగోళం

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఇల్లు ఉన్న సాఫ్ట్‌వేర్ వాళ్ళకి జీతం లేని డ్యూటీ ఒకటి ఉంటుంది. వీధిలో ఎవరు ఏ ఎలక్ట్రానిక్ వస్తువు కొనాలన్నా మొదట మన గేటు దగ్గరికే వస్తారు. "అన్నా, పోరనికి ట్యాబ్ కొనాలె, పన్నెండు వేలల్ల మంచిది చెప్పు" అంటారు. మనం రోజంతా ఆఫీసులో చేసేది ఏ పాత జావా కోడో, ఏ డేటాబేస్ క్వెరీనో. ఆ సంగతి వాళ్ళకి అక్కర్లేదు. కంప్యూటర్ ముందు కూచునేవాడికి ట్యాబ్ గురించి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

నిజం చెప్పాలంటే మనకీ తెలియదు. షాపు వెబ్‌సైట్ తెరిస్తే ట్యాబ్ ఏ7 లైట్, ఏ8, ఏ9, ఏ9 ప్లస్, ఎస్6 లైట్, ఎస్9 ఎఫ్‌ఈ అని ఒక కంపెనీవి. ఎం8, ఎం10, ఎం10 ప్లస్, మళ్ళీ అందులో రెండో తరం, మూడో తరం అని ఇంకో కంపెనీవి. ప్యాడ్, ప్యాడ్ ఎస్‌ఈ, ప్యాడ్ ప్రో అని మరొకరివి. ఏడు పెద్దదా, ఆరు పెద్దదా? ఎస్6 లైట్ కంటే ఏ9 కొత్తదైతే మరి ధర ఎందుకు తక్కువ? మామూలు మనిషిని వదిలేయండి, ఇంజనీరింగ్ చదివిన మనకే బుర్ర తిరిగిపోతుంది.

అసలీ గందరగోళం ఎక్కడ మొదలైందా అని చూస్తే నాకు దొరికిన చరిత్రలో సగం మన చుట్టుపక్కలే ఉంది. ఆ చరిత్ర తెలిస్తే ఏది కొనాలో తేల్చుకోవడం కూడా సులువవుతుందని నా అభిప్రాయం. కాస్త పెద్ద టపా. ఓపిక లేనివాళ్ళు నేరుగా ఆఖరి భాగానికి వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను.

పేరులోనే అంతా ఉన్న రోజులు

మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా 2016 అక్టోబర్‌లో పుట్టింది కానీ ఈ జిల్లాకి కంప్యూటర్లతో ఉన్న చుట్టరికం అంతకంటే చాలా పాతది. కుషాయిగూడ వైపు వెళ్ళేవాళ్ళకి ఈసీఐఎల్ తెలియకుండా ఉండదు. ఆ పేరుతో చౌరస్తా ఉంది, బస్సు బోర్డు ఉంది. 1967లో మొదలైన ఈ ప్రభుత్వ సంస్థ వెనక ఉన్న పెద్దాయన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు. పక్కనున్న ఏఎస్ రావు నగర్ ఆయన పేరు మీదే వెలిసింది. అక్కడ ఫ్లాట్ కొనుక్కున్న మన ఐటీ జనాల్లో ఈ సంగతి ఎంతమందికి తెలుసో!

ఈసీఐఎల్ అంటే ఇప్పటివాళ్ళకి ఓటింగ్ మెషిన్లు గుర్తొస్తాయి. మన పెద్దవాళ్ళకి ఈసీ టీవీ గుర్తొస్తుంది. కానీ దేశంలో కంప్యూటర్లు తయారు చేసి అమ్మిన తొలి సంస్థల్లో అదొకటి. ట్రాంబేలో అణుశక్తి సంస్థ డిజైన్ చేసిన టీడీసీ-12 అనే యంత్రం 1969లో వచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. తర్వాత 1970లలో టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి.

ఈ పేర్లు ఒక్కసారి జాగ్రత్తగా చూడండి. టీడీసీ-12 అంటే 12 బిట్ల కంప్యూటర్. టీడీసీ-312 కూడా 12 బిట్లదే, తర్వాతి వరసది. టీడీసీ-316 అంటే 16 బిట్లది. ఆఖరి రెండంకెలు చూస్తే లోపల ఏముందో తెలిసిపోతుంది. కొనేవాళ్ళు యూనివర్సిటీలు, పరిశోధనశాలలు, ప్రభుత్వ కంపెనీలు. అంటే కొనేవాడూ ఇంజనీరే, అమ్మేవాడూ ఇంజనీరే. ఇద్దరికీ తెలిసిన విషయం దాచిపెట్టి ప్రయోజనం లేదు కాబట్టి పేరు నిజమే చెప్పేది.

కొనేవాడికి అమ్మేవాడికంటే తక్కువ తెలిసిన రోజున పేరు అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. అలాంటి రోజు రావడానికి కంప్యూటర్ ల్యాబుల్లోంచి ఇళ్ళలోకి రావాలి, అదీ చవగ్గా రావాలి.

ధర ముందు, వస్తువు తర్వాత

చవక కంప్యూటర్ అనే కల మన దేశంలో ఎప్పట్నుంచో ఉంది. 2000 ప్రాంతంలో బెంగుళూరు వాళ్ళు సింప్యూటర్ అని చేతిలో పట్టే యంత్రం తయారు చేశారు. ఆలోచన మంచిదే, జనంలోకి పోలేదు. 2005లో ఎంఐటీకి చెందిన నికొలస్ నెగ్రొపాంటీ పిల్లలందరికీ వంద డాలర్ల ల్యాప్‌టాప్ అంటూ బయల్దేరాడు. 2006లో మన మానవ వనరుల శాఖ ఆ ల్యాప్‌టాప్ మాకొద్దు పొమ్మంది. అంతటితో ఊరుకోకుండా అంతకంటే చవగ్గా మేమే చేస్తామంది.

దీని తొలి అంకం మన తిరుపతిలో జరిగింది. 2009 ఫిబ్రవరి 3న, కేంద్ర మంత్రి అర్జున్ సింగ్ అక్కడ ఐసీటీ ద్వారా జాతీయ విద్యా మిషన్‌ని మొదలుపెట్టిన రోజు. అంతకు ముందు వారం రోజులుగా పేపర్ల నిండా ఒకటే వార్త, పది డాలర్ల ల్యాప్‌టాప్ వస్తోందని. అప్పటి లెక్కలో ఐదొందల రూపాయలు! ప్రపంచమంతా తిరుపతి వైపు చూసింది. తీరా చూస్తే అది ల్యాప్‌టాప్ కాదు. కంప్యూటర్‌కి తగిలించుకుని పాఠాలు దాచుకునే పెట్టె లాంటిదని విలేకరులు రాశారు. కొండంత రాగం తీసి కూసింత పాట పాడినట్టయింది.

తర్వాత పది కాస్తా ముప్పై అయిదు అయింది. 2010 జూలైలో కొత్త మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో 35 డాలర్ల ట్యాబ్లెట్ నమూనా చూపించారు. అదే 2011 అక్టోబర్ 5న ఆకాశ్ పేరుతో విడుదలైంది. డేటావిండ్ అనే కంపెనీ, ఐఐటీ రాజస్థాన్ కలిసి చేశాయి. ఆ మొదటి ఆకాశ్‌లు బిగించింది ఎక్కడో తెలుసా? హైదరాబాద్‌లో. క్వాడ్ ఎలక్ట్రానిక్స్ అనే కాంట్రాక్ట్ కంపెనీ వాళ్ళు ఈ పని చేశారు. 2012లో డేటావిండ్‌కీ వాళ్ళకీ చెడింది, ఆ తగాదా పేపర్లకి ఎక్కింది.

అంకెలు చూద్దాం. ఏడు అంగుళాల తెర, 800 బై 480 పిక్సెళ్ళు, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 2 జీబీ నిల్వ, ఆండ్రాయిడ్ 2.2, 2,100 ఎంఏహెచ్ బ్యాటరీ. ప్రభుత్వానికి పడిన ధర రూ. 2,276. అదే ఏడాది జనవరిలో మన దేశంలోకి వచ్చిన మొదటి ఐప్యాడ్ ధర రూ. 27,900. అంటే ఒక ఐప్యాడ్ డబ్బుతో పన్నెండు ఆకాశ్‌లు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆ మొదటి ఐప్యాడ్‌లో కూడా ర్యామ్ 256 ఎంబీనే! ర్యామ్ ఒక్కటే చూసి కొనేవాడికి రెండూ సమానమే. కానీ ఐప్యాడ్‌లో 1 గిగాహెర్ట్జ్ చిప్, ఆ చిప్ కోసమే రాసిన సాఫ్ట్‌వేర్, వేలు తగిలితే చాలు కదిలే కెపాసిటివ్ తెర. ఆకాశ్‌లో ఉన్నది రెసిస్టివ్ తెర, అంటే రెండు పొరలు ఒకదానికొకటి తగిలేలా గోరుతో నొక్కాలి. వీడియో చూస్తే బ్యాటరీ మూడు గంటలు. గూగుల్ వాళ్ళ యాప్ స్టోర్ లేదు, గెట్‌జార్ అని వేరే దుకాణం ఇచ్చారు. స్పెక్ షీట్‌లో ఒక గడి కలిసినంత మాత్రాన వస్తువు కలవదని ఆ రోజే తేలిపోయింది. మనం మాత్రం ఇవాళ్టికీ "ఎన్ని జీబీ ర్యామ్?" అనే అడుగుతాం.

అసలు లోపం ఎక్కడ? మన ప్రాజెక్టుల్లో రోజూ చూసేదే. క్లయింట్ ముందు బడ్జెట్ ఖాయం చేసి, డెడ్‌లైన్ ఖాయం చేసి, చివర్లో రిక్వైర్‌మెంట్లు చెప్తాడు చూడండి, అచ్చం అదే. ఇక్కడ మొదట 35 డాలర్లు అని మైకులో చెప్పేశారు. ఆ తర్వాత ఆ ధరలో పట్టేదాకా వస్తువుని కోసుకుంటూ పోయారు. చిప్ కోశారు, తెర కోశారు, బ్యాటరీ కోశారు. ఆఖర్లో పరీక్షల దగ్గర గొడవ వచ్చింది. ఐఐటీ రాజస్థాన్ వాళ్ళు ఎత్తు నుంచి పడేసి, వాన నీళ్ళు కొట్టి చూస్తామన్నారు. ఆ ధరకి అలాంటి పరీక్షలు తట్టుకునే వస్తువు కుదరదని కంపెనీ అంది. ఎవరి మాట తప్పు? నాకైతే ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది. పల్లెటూరి పిల్లాడి సంచిలో ట్యాబ్ వానకి తడుస్తుంది, కింద పడుతుంది. అదే సమయంలో రెండు వేల రెండొందల రూపాయల్లో వాన తట్టుకునే ట్యాబ్ రాదు. ఈ రెండు నిజాలూ మైకు పట్టుకోక ముందు ఎవరో కూచుని మాట్లాడుకోవాల్సినవి.

2012 నవంబర్ 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ చేతుల మీదుగా ఆకాశ్ 2 వచ్చింది. ఈసారి ఐఐటీ బాంబే చేతిలో పెట్టారు. 1 గిగాహెర్ట్జ్ చిప్, 512 ఎంబీ ర్యామ్, కెపాసిటివ్ తెర, ఆండ్రాయిడ్ 4.0, ధర రూ. 2,263. ఏడాది తిరిగేసరికి అదే ధరలో మూడు రెట్లు మెరుగైన వస్తువు! నిజానికి ఇది మంచి వార్త. కానీ మొదటిది పట్టుకున్న జనం అప్పటికే "ప్రభుత్వ ట్యాబ్ అంటే డబ్బా" అని తేల్చేశారు. మొదటి రిలీజ్‌తో పోయిన పేరు రెండో రిలీజ్‌తో తిరిగి రాదు, ఇది మన ఫీల్డులో వాళ్ళకి చెప్పక్కర్లేదు.

అక్షరాల్లో అర్థం ఉన్న ఆఖరి రోజులు

డేటావిండ్ ఇవే ట్యాబ్‌లని బయట యూబీస్లేట్ పేరుతో అమ్మింది. 7, 7 ప్లస్, 7ఆర్‌ఐ, 7సీఐ, 7ఆర్ ప్లస్, 7సీ ప్లస్, తర్వాత 7సీజెడ్, 3జీ7. చూడగానే ఇదేం గోలరా బాబూ అనిపిస్తుంది. కాస్త ఓపిగ్గా చూస్తే మొదటి నాలుగైదింటిలో ఒక లెక్క కనిపిస్తుంది. ఆర్ అంటే రెసిస్టివ్ తెర, సీ అంటే కెపాసిటివ్ తెర. ఐ అంటే వైఫై మాత్రమే, ప్లస్ అంటే సిమ్ కూడా పడుతుంది. 7సీ ప్లస్ అంటే ఏడు అంగుళాలు, కెపాసిటివ్ తెర, సిమ్. పేరులోనే మొత్తం స్పెక్! ఆ వస్తువు ఎలాంటిదైనా పేరు మాత్రం టీడీసీ-316 వంశానిదే.

మిగతా దేశీ కంపెనీలు ఆ పద్ధతి పట్టించుకోలేదు. 2012 ఏప్రిల్‌లో మైక్రోమ్యాక్స్ ఫన్‌బుక్ రూ. 6,499కి వచ్చింది. ఆల్‌విన్నర్ ఏ10 చిప్, 512 ఎంబీ ర్యామ్. ఆ తర్వాత రెండు మూడేళ్ళ పాటు కార్బన్, లావా, ఐబాల్, మన సెల్కాన్, అందరూ ట్యాబ్‌లు వదిలారు. చాలా వాటి లోపల ఆల్‌విన్నర్, రాక్‌చిప్, మీడియాటెక్ లాంటి వాళ్ళ చిప్‌తో పాటు రెడీగా ఇచ్చే బోర్డు డిజైనే. బోర్డు ఒక్కటే, డబ్బా మీద పేరు వేరు. అప్పుడు పేరుకి మిగిలిన పని ఏమిటి? లోపల ఏముందో చెప్పడం కాదు, పక్కవాడి దానికంటే వేరుగా కనపడటం. మోడల్ పేర్ల గందరగోళం మొదలైంది ఇక్కడే అని నేననుకుంటాను.

మేడ్చల్ ఫ్యాక్టరీ

సెల్కాన్ మన హైదరాబాద్ కంపెనీ, 2009లో మొదలైంది. ఒకప్పుడు మన ఊళ్ళల్లో ఏ చిన్న సెల్ షాపుకి పోయినా గోడ మీద ఆ బోర్డు ఉండేది. సీటీ-1, సీటీ-2, సీటీ-910 లాంటి పేర్లతో ట్యాబ్‌లు కూడా తెచ్చింది. 2015 జూన్‌లో ఆ కంపెనీ మేడ్చల్‌లో ఫోన్ల తయారీ యూనిట్ పెట్టింది. అప్పటి ఐటీ మంత్రి కేటీఆర్ ప్రారంభించారు. తెలంగాణ వచ్చి అప్పటికి ఏడాది. కొత్త రాష్ట్రంలో, మన మేడ్చల్‌లో ఫోన్ తయారవుతుందంటే ఎవరికి గర్వంగా ఉండదు?

2015లోనే ఎందుకు పెట్టారన్నది తెలుసుకోవాల్సిన విషయం. ఆ ఏడు కేంద్ర బడ్జెట్‌లో సుంకాల లెక్క మారింది. పూర్తిగా తయారై బయట నుంచి వచ్చే ఫోన్ మీద 12.5 శాతం, ఇక్కడ బిగించిన ఫోన్ మీద 1 శాతం. ఈ తేడా చాలు ఎవరికైనా షెడ్డు వేసి లైన్ పెట్టడానికి. దేశమంతా అలాగే ఫ్యాక్టరీలు లేచాయి. 2016లో డేటావిండ్ కూడా హైదరాబాద్‌లో సొంత ప్లాంట్ పెట్టింది.

అప్పట్లో ఇలాంటి ప్లాంట్లలో జరిగేది చాలావరకు బిగింపు పనే. బోర్డు, తెర, బ్యాటరీ, కెమెరా విడివిడిగా చైనా నుంచి వస్తాయి. ఇక్కడ కలిపి, స్క్రూలు బిగించి, సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పరీక్ష చేసి, డబ్బాలో పెడతారు. "ఇదేం తయారీ, స్క్రూడ్రైవర్ పని" అని వెక్కిరించిన వాళ్ళున్నారు. నేను వెక్కిరించను. చైనా వాళ్ళయినా, తైవాన్ వాళ్ళయినా అక్కడే మొదలుపెట్టారు. పైగా ఆ లైన్ల మీద కూచునే చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలకి నెల తిరిగేసరికి జీతం వస్తుంది. వెక్కిరించడం మన ఎయిర్ కండిషన్ క్యూబికల్‌లోంచి సులువే.

అయితే స్క్రూడ్రైవర్ పనితో వచ్చిన చిక్కు ఒకటుంది. డిజైన్ మనది కాదు కాబట్టి సాఫ్ట్‌వేర్ కూడా మన చేతిలో ఉండదు. చిప్ కంపెనీ కొత్త ఆండ్రాయిడ్‌కి డ్రైవర్లు ఇవ్వకపోతే మేడ్చల్‌లో బిగించిన వస్తువుకి మేడ్చల్‌లో ఎవరూ అప్‌డేట్ ఇవ్వలేరు. అమ్మిన రోజున ఉన్న ఆండ్రాయిడే చచ్చేదాకా.

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. 4జీ మాత్రమే, అదీ మొదట్లో ఉచితం. 3జీ సరుకుతో గోడౌన్లు నిండి ఉన్న దేశీ కంపెనీల కింద నేల కదిలింది. 4జీ మోడళ్ళతో చైనా బ్రాండ్లు సిద్ధంగా ఉన్నాయి. రెండు మూడేళ్ళలో గోడల మీద బోర్డులు మారిపోయాయి. డేటావిండ్ కథ ఇంకా విచిత్రం. 2014లో టొరంటో స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ అయింది. 2015 చివర, 2016 మొదట్లో మన దేశపు ట్యాబ్ అమ్మకాల్లో మొదటి స్థానం దానిదే, సామ్‌సంగ్‌ని దాటి! మరో రెండు మూడేళ్ళకి చడీచప్పుడు లేదు. ఇంటర్నెట్‌తో కలిపి చవక ట్యాబ్ అమ్మడం వాళ్ళ వ్యాపార సూత్రం. ఇంటర్నెట్టే దాదాపు ఉచితమయ్యాక ఆ సూత్రానికి విలువేముంది?

ఆ ట్యాబ్‌లు కొన్నవాళ్ళ సంగతి? కంపెనీ పోతే వారంటీ కార్డు చిత్తు కాగితం. 2021 సెప్టెంబర్ 27 నుంచి ఆండ్రాయిడ్ 2.3.7, అంతకంటే పాత వాటిలో గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అవ్వడమే ఆగిపోయింది. మొదటి ఆకాశ్ తెర పగలకుండా, బ్యాటరీ ఉబ్బకుండా ఎవరైనా దాచుకున్నా సరే, ఇప్పుడది గోడ గడియారం పాటి కూడా చెయ్యదు.

లక్షల్లో కొంటే ఏమవుతుంది

ఆకాశ్ తర్వాత ప్రభుత్వం ట్యాబ్‌లు కొనడం ఆగలేదు. మన పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో పంపిణీ మొదలైంది. ఎనిమిదో తరగతి పిల్లలకి, టీచర్లకి కలిపి 5,18,740 ట్యాబ్‌లు. ప్రభుత్వం చెప్పిన విలువ రూ. 686 కోట్లు. భాగిస్తే ఒక్కోటి సుమారు 13,200 రూపాయలు. వస్తువు సామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్. 8.7 అంగుళాల తెర, 3 జీబీ ర్యామ్, 32 జీబీ నిల్వ. బైజూస్ పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు.

రాజకీయం పక్కన పెడదాం, ఇది దానికి చోటు కాదు. ఆకాశ్‌తో పోల్చి ఇంజనీరులా చూద్దాం. ఇక్కడ ధర మైకులో ముందే ప్రకటించి వస్తువుని కొయ్యలేదు. మార్కెట్లో అప్పటికే అమ్ముడవుతున్న వస్తువుని మూడేళ్ళ వారంటీతో కొన్నారు. నా దృష్టిలో ఈ బేరంలో అన్నిటికంటే విలువైనది ఆ మూడేళ్ళ వారంటీయే. బజారులో మనం కొంటే ఏడాదే కదా. పైగా అప్‌డేట్లు ఇచ్చే కంపెనీ. ఆకాశ్ నుంచి నేర్చుకున్న పాఠం ఇక్కడ కనిపిస్తుంది.

నేర్చుకోనిది కూడా కనిపిస్తుంది. పాఠాలు ఇచ్చిన కంపెనీ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. అంటే ఈసారి హార్డ్‌వేర్ నిలబడింది, దాని మీద ఆధారపడిన సాఫ్ట్‌వేర్ కంపెనీ కూలింది. ట్యాబ్ అంటే ఒక వస్తువు కాదు, ఒక గొలుసు. చిప్ వాడు, బ్రాండ్ వాడు, ఆండ్రాయిడ్ వాడు, యాప్ వాడు, సర్వీస్ సెంటర్ వాడు. ఏ ఒక్క లంకె తెగినా పిల్లాడి చేతిలో మిగిలేది గాజు పలక.

కరోనా టైంలో ఇది మనందరికీ అనుభవమే. 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో సర్కారు బడి పిల్లలకి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బడుల వాళ్ళకి ఫోన్లో క్లాసులు. ట్యాబ్ అనేది షోకు వస్తువు నుంచి బడి సామాను అయింది అప్పుడే. నోటు పుస్తకాలు, షూసు, బస్సు ఫీజు పక్కన అదీ ఒక ఖర్చు. అందుకే పన్నెండు వేలు పెట్టి కొనే ఆటో నడిపేవాడికీ, కోళ్ళ ఫారంలో పనిచేసేవాడికీ ఇది ఆషామాషీ వ్యవహారం కాదు. మనకి ఒక వీకెండ్ ఖర్చు, వాళ్ళకి ఒక నెల ఇల్లు గడిచే డబ్బు.

ఇప్పటి పేర్లు ఎలా చదవాలి

ఇక అసలు ప్రశ్నకి వద్దాం. ఇన్ని మోడళ్ళు ఎందుకు? ఒకటి, ప్రతి వెయ్యి రూపాయల మెట్టు దగ్గరా ఒక వస్తువు ఉండాలి, మనం "ఇంకో రెండు వేలు వేస్తే పెద్దది వస్తుంది కదా" అనుకుంటూ మెట్లెక్కాలి. రెండు, కొత్త పేరు పెడితే పాత చిప్ కూడా కొత్తగా కనిపిస్తుంది. మూడు, బాగా అమ్ముడైన పేరుని వదులుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

మూడో దానికి మంచి ఉదాహరణ గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్. 2020లో వచ్చింది, ఎగ్జినోస్ 9611 చిప్‌తో. అదే పేరుతో 2022లో మళ్ళీ వచ్చింది, స్నాప్‌డ్రాగన్ చిప్‌తో. అదే పేరుతో 2024లో ఇంకోసారి, ఎగ్జినోస్ 1280తో. ఒకే పేరు, మూడు గుండెకాయలు. లెనోవో ఎం10 ప్లస్ మూడో తరం అయితే ఇంకా ముచ్చట, ఒకే తరంలో మీడియాటెక్ హీలియో జీ80 ఉన్నది ఒకటి, స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్నది ఒకటి. ఇక ట్యాబ్ ఏ9, ఏ9 ప్లస్ పేర్లు చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ ఒకటి 8.7 అంగుళాలు, హీలియో జీ99. రెండోది 11 అంగుళాలు, స్నాప్‌డ్రాగన్ 695. అసలు చుట్టాలే కాదు.

మరి నిజం చెప్పే పేరు ఎక్కడా లేదా? ఉంది. డబ్బా వెనక, సెట్టింగ్స్‌లో "ఎబౌట్" అనే చోట చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎస్6 లైట్ వైఫై మోడల్ మొదటిది ఎస్ఎం-పి610, రెండోది పి613, మూడోది పి620. లెనోవోలో ఆ రెండూ టీబీ125, టీబీ128. దుకాణం పేరు మార్కెటింగ్ వాళ్ళది, ఈ కోడ్ ఇంజనీర్లది. టీడీసీ-316 అన్నట్టు ఇది నేరుగా బిట్లు చెప్పదు, కానీ ఈ కోడ్ పట్టుకుని వెతికితే అసలు విషయం బయటపడుతుంది. ఆన్‌లైన్‌లో కొన్నా, సికింద్రాబాద్ సీటీసీ దాకా వెళ్ళి కొన్నా ముందు ఈ కోడ్ అడగండి. చెప్పనివాడి దగ్గర కొనొద్దు.

నన్ను అడిగినవాళ్ళకి నేను చెప్పే ప్రశ్నలు ఇవి:

1. ఈ మోడల్ మొదటిసారి ఏ సంవత్సరంలో విడుదలైంది? ఈ రోజు డిస్కౌంట్‌లో ఉందంటే మూడేళ్ళ నాటిది కావచ్చు. అప్‌డేట్ల గడియారం మనం కొన్న రోజు కాదు, అది విడుదలైన రోజు మొదలవుతుంది.

2. భద్రతా అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తామని కంపెనీ రాతపూర్వకంగా చెప్పింది? చెప్పకపోతే లేనట్టే లెక్క.

3. ర్యామ్ నిజంగా ఎంత? "4+4 జీబీ" అని రాస్తే రెండో నాలుగు వర్చువల్ ర్యామ్, అంటే నిల్వలోంచి అరువు తెచ్చుకున్నది. దాన్ని లెక్కలోంచి కొట్టేయండి.

4. సర్వీస్ సెంటర్ ఎక్కడ? మేడ్చల్ నుంచి, శామీర్‌పేట నుంచి సగం రోజు పని మానుకుని వెళ్ళాల్సినంత దూరమైతే ఆ కూలి కూడా ధరలో కలపండి. తెర మార్చడానికి ఎంతవుతుందో కొనక ముందే ఫోన్ చేసి అడగండి.

5. పిల్లాడు దాంతో ఏం చేస్తాడు? చదవడానికీ, వీడియో పాఠాలకీ అయితే చిప్ కంటే తెర ముఖ్యం. పీడీఎఫ్ పుస్తకాలు 8.7 అంగుళాల్లో చదివితే కళ్ళు పోతాయి, 10 దాటితే నయం.

ఆఖరుగా ఒక భాగహారం. ధరని అది పనికొచ్చే సంవత్సరాలతో భాగించండి. పన్నెండు వేలది రెండేళ్ళకే మూలపడితే ఏడాదికి ఆరు వేలు. పద్దెనిమిది వేలది ఐదేళ్ళు పనిచేస్తే ఏడాదికి మూడు వేల ఆరొందలు. ఐప్యాడ్ ఖరీదే, కాదనను. కానీ 2020లో వచ్చిన ఎనిమిదో తరం ఐప్యాడ్ 2025లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 26ని కూడా తీసుకుంటుంది. అలాగని అందరూ అదే కొనాలని నేననను. చేతిలో పన్నెండు వేలే ఉన్నవాడికి "ఇంకో ఆరు వేలు పెట్టు, లాభం" అని చెప్పడం మన సాఫ్ట్‌వేర్ జీతం మాట్లాడించే మాట. అలాంటప్పుడు రెండేళ్ళ నాటి మంచి మోడల్ కంపెనీ వాళ్ళే బాగుచేసి వారంటీతో అమ్మేది దొరుకుతుందేమో చూడమంటాను. అదీ లేకపోతే, సిమ్ లేని వైఫై మోడల్ తీసుకుని ఫోన్ హాట్‌స్పాట్‌తో వాడుకోమంటాను.

అయినా ఈ భాగహారం చెయ్యాలంటే కింద అంకె తెలియాలి కదా, ఎన్నేళ్ళు పనికొస్తుందన్నది. మన దగ్గర డబ్బా మీద గరిష్ఠ ధర వేస్తారు, తయారైన నెల వేస్తారు, ఏ దేశంలో తయారైందో వేస్తారు. పాల ప్యాకెట్ మీద కూడా ఎప్పటిదాకా వాడొచ్చో ఉంటుంది. పన్నెండు వేల ట్యాబ్ మీద ఉండదు. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్లకీ ట్యాబ్‌లకీ కొత్త నియమం వచ్చింది. ఒక మోడల్ అమ్మకం ఆపేసిన తర్వాత కూడా కనీసం ఐదేళ్ళు అప్‌డేట్లు ఇవ్వాలి, బాగుచెయ్యడం ఎంత సులువో లేబుల్ మీద చూపించాలి. మన వినియోగదారుల శాఖ కూడా 2024లో బాగుచేత సూచీ కోసం ఒక కమిటీ వేసింది. ఆ సూచీతో పాటు "ఫలానా నెల దాకా అప్‌డేట్లు" అని ఒక్క వాక్యం డబ్బా మీద తప్పనిసరి చేస్తే చాలు. అప్పుడు ఏ9 ఏమిటి, ఎం10 ఏమిటి అని మన గేటు దగ్గరికి ఎవరూ రావక్కర్లేదు. అంగన్‌వాడీ టీచరైనా, ఆటో డ్రైవరైనా ధరని ఏళ్ళతో తనే భాగించుకుంటాడు.

అప్పటిదాకా మన జీతం లేని డ్యూటీ తప్పదు. ఎవరైనా అడిగితే "ఏదో ఒకటి తీస్కో అన్నా, అన్నీ ఒకటే" అని మాత్రం అనకండి. అన్నీ ఒకటి కాదు, ఆకాశ్ రోజుల నుంచీ కాదు. ఓ పది నిమిషాలు కూచుని ఆ కోడ్ వెతికి పెట్టండి.